టీషర్టు సైజు అడిగారు, ఇంకేమీ అడగలేదు

కాకినాడ దగ్గర ఒక ఊరి నుంచి ఓ టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు, బడి పేరు బయటపెట్టవద్దన్నారు. నాలుగు పేజీలుంది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆవిడకు 27 ఏళ్ళు. బీఈడీ చేసి ఐదేళ్ళుగా ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు చెబుతున్నారు. జీతం 17 వేలు. 2025లో 16,347 పోస్టులతో పడిన మెగా డీఎస్సీ మీద బాగా ఆశ పెట్టుకున్నారు. రాలేదు. "రిజల్టు చూసిన రోజు ఏడుపు కూడా రాలేదండీ. ఫోన్ పక్కన పడేసి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను" అని రాశారు. కొన్నాళ్ళకు ఫోన్లో ఒక ప్రకటన కంటబడింది. కంబోడియాలో, అంకోర్ వాట్ గుడి ఉన్న సియెమ్ రీప్ శివార్లలో ఒక అనాథాశ్రమం. వేసవి సెలవుల్లో ఏడు వారాలు వెళ్ళి అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి. జీతం ఉండదు సరికదా, మనమే లక్షా నలభై వేలు కట్టాలి. విమానం టికెట్టు వేరే. నచ్చితే ఏడాదికి పొడిగించుకోవచ్చట. పంపే ఏజెన్సీవాళ్ళు వీడియో కాల్లో పది నిమిషాలు మాట్లాడి, మిమ్మల్ని తీసుకున్నాం అన్నారు. పాస్‌పోర్ట్ కాపీ, టీషర్టు సైజు పంపమన్నారు. టూరిస్టు వీసా చాలన్నారు. నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలి. అందుకు చీటీ పాడదామని ఆవిడ ఆలోచన.

కంబోడియా అన్న మాట వినగానే వాళ్ళమ్మగారు భయపడిపోయారు. 2024లో విశాఖ కుర్రాళ్ళను డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి అక్కడికి తీసుకెళ్ళి, నిర్బంధించి, సైబర్ మోసాలు చేయించిన వార్తలు ఆవిడ టీవీలో చూశారు. కూతురి పాస్‌పోర్ట్ తీసుకుని బీరువాలో పట్టుచీరల కింద పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకున్నారు. నాన్నగారు ఆర్టీసీలో రిటైరయ్యారు. ఏమడిగినా "మీ అమ్మనడుగు" అంటారు. ఇవి చాలవన్నట్టు ఒక సంబంధం నడుస్తోంది. కుదిరితే శ్రావణంలో ముహూర్తం. కంబోడియా సంగతి అబ్బాయివాళ్ళతో ఇప్పుడు చెప్పొద్దనీ, సెలవుల్లో ఏదో ట్రైనింగుకి వెళ్ళిందని చెబుదామనీ పిన్నిగారి సలహా.

చివర ఇలా రాశారు: "వాళ్ళ వెబ్‌సైట్లో ఒక పాప ఫొటో ఉంది. ఎవరో తెల్లమ్మాయి మెడ చుట్టూ చేతులు వేసి నవ్వుతోంది. రోజూ పడుకునే ముందు అది చూస్తాను. నాకు నిజంగా మంచి చేయాలనుందో, ఇక్కణ్ణుంచి పారిపోవాలనుందో తెలియడం లేదు. వెళ్ళమంటారా, మానమంటారా?"

మీరు ఏజెన్సీ అని రాస్తే ముందు నేను పొరబడ్డానండీ. మా వైపు ఏజెన్సీ అంటే మన్యం. పాడేరు వైపు పోస్టింగు వచ్చిందేమో, దానికింత గొడవెందుకని అనుకున్నాను. కంబోడియా దగ్గరికి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి చదివాను.

రెండోసారి చదువుతుంటే టీషర్టు దగ్గర ఆగిపోయాను. మీరు ఇప్పుడున్న స్కూల్లో చేరినప్పటి సంగతి గుర్తు చేసుకోండి. కరస్పాండెంటు ముందు డెమో క్లాసు చెప్పించి ఉంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఉంటారు (అవి తిరిగి ఇవ్వడానికి ఎంత ఏడిపిస్తారన్నది వేరే పురాణం). ఇంతకుముందు ఎక్కడ చేశారు, ఎందుకు మానేశారు అని అడిగి ఉంటారు. 17 వేల జీతానికి, సాయంత్రం ఇళ్ళకు వెళ్ళిపోయే పిల్లలకు పాఠం చెప్పడానికి అంత తతంగం ఉంది. రాత్రీ పగలూ ఆశ్రమంలోనే ఉండే పిల్లలు, పక్కన అమ్మానాన్నా లేని పిల్లలు. వాళ్ళ మధ్యకు మిమ్మల్ని పంపడానికి ఒక టీషర్టు సైజు సరిపోయింది. పోలీసు సర్టిఫికెట్ అడగలేదు. మీ హెడ్మాస్టరు ఫోన్ నంబరు అడగలేదు. మీరు మంచివారే, నాకు అనుమానం లేదు. కానీ మిమ్మల్ని అడగనివాళ్ళు మీకు ముందు వచ్చినవాళ్ళనూ అడగలేదు, మీ తర్వాత వచ్చేవాళ్ళనూ అడగరు. వాళ్ళందరూ మీలాంటివాళ్ళే అయ్యుంటారా?

ఈ ఆశ్రమాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మీ నిర్ణయం ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది.

1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో కంబోడియా నరకం చూసింది. చదువుకున్నవాళ్ళను, ముఖ్యంగా టీచర్లను వెతికి చంపారు. రాజధాని నామ్‌పెన్‌లో ఒక హైస్కూలునే చిత్రహింసల జైలుగా మార్చారు. ఇప్పుడది తువోల్ స్లెంగ్ మ్యూజియం. తరగతి గదుల్లో ఇటుకలు పేర్చి కట్టిన ఇరుకు కొట్లు ఇంకా అలాగే ఉన్నాయి. అప్పట్లో నిజంగానే అనాథలు చాలామంది. తర్వాతి కాలంలో అనాథలు తగ్గారు గానీ అనాథాశ్రమాలు పెరిగాయి. టూరిస్టులు ఎక్కువగా వచ్చే ఊళ్ళలో మరీ పెరిగాయి. ఆ పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని తేలింది. ఇంట్లో గడవక, అక్కడైతే చదువూ తిండీ దొరుకుతాయని కన్నవాళ్ళే తెచ్చి వదిలారు. ఇందులో మనం ముక్కున వేలేసుకోవాల్సిందేమీ లేదు. మన ఊళ్ళలోనూ పిల్లల్ని హాస్టల్లో వేసే తల్లిదండ్రుల ఆలోచన ఇదే. కాకపోతే మన హాస్టల్ పిల్లలు దసరాకీ సంక్రాంతికీ ఇంటికొస్తారు. వాళ్ళను చూడ్డానికి టికెట్టు కొని ఎవరూ రారు.

అక్కడ వచ్చారు. వచ్చినవాళ్ళు డబ్బిచ్చారు, ఫొటోలు దిగారు. పిల్లలు దీనంగా కనబడితే చందా ఎక్కువ వస్తుందని నడిపేవాళ్ళకు అర్థమైతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆశ్రమాలన్నీ అలాంటివేనని నేననను. కానీ ఈ వ్యవహారం ఎంతదాకా వచ్చిందంటే, 2016లో కంబోడియా ప్రభుత్వమే యూనిసెఫ్‌తో కలిసి, ఇలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో నూటికి ముప్ఫైమందిని తిరిగి ఇళ్ళకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. ఆస్ట్రేలియావాళ్ళు 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసినప్పుడు, చందాల కోసం పిల్లల్ని ఆశ్రమాల్లో చేర్చడాన్ని కూడా ఆ కోవలోనే లెక్కేశారు.

ఇక ఆ ఫొటో. మీరు మెడ చుట్టూ ఉన్న చేతుల్ని చూస్తున్నారు. నేనైతే ఆ పాప అలా ఎంతమంది మెడ చుట్టూ చేతులేసి ఉంటుందా అని ఆలోచిస్తాను. కొత్త మనిషి రాగానే పరిగెత్తుకెళ్ళి హత్తుకునే పిల్లను చూస్తే మనకు ముచ్చటేస్తుంది. మీ తరగతిలో ఏ పిల్లయినా ముక్కూమొహం తెలియనివాళ్ళను అలా వాటేసుకుంటే ముచ్చటపడతారా, కంగారుపడతారా?

నా అనుభవం ఒకటి చెబుతాను. బీఈడీలో టీచింగ్ ప్రాక్టీసుకి నన్ను నలభై రోజులు మన్యంలో గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాల ఒకదానికి వేశారు. ఆరో తరగతి పిల్ల ఒకతె, వరండాలో విడిచిన నా చెప్పులు రోజూ తీసుకెళ్ళి తలుపు లోపల పెట్టేది, కుక్క ఎత్తుకుపోతుందని. మాట తక్కువ. వెళ్ళిపోయే రోజు బస్సు దాకా వచ్చింది. మళ్ళీ వస్తానన్నాను. వెళ్ళలేదు. పరీక్షలు, ఉద్యోగం, పెళ్ళి, అందరికీ ఉండేవే. మరుసటి ఏడాది మా కాలేజీ జూనియర్ని అక్కడికే వేశారు. తిరిగొచ్చాక చెప్పింది: "అక్కా, అక్కడో పిల్ల ఉంది, వెళ్ళగానే ఎన్ని రోజులుంటావని అడుగుతుంది. నలభై అన్నాను. ఇంక పేరు కూడా చెప్పలేదు." ఎవరా అని నేను అడగలేదు. తలుపు లోపల పెట్టిన చెప్పులు కళ్ళముందుకొచ్చాయి.

అందుకే మీరు చెప్పినచోట చెప్పినట్టుగా వెళ్ళడం నాకు ఇష్టం లేదు. దాపరికం లేకుండా చెప్పేశాను. ఇష్టం లేనిది ఆ ఆశ్రమం, ఆ పద్ధతి. విదేశం వెళ్ళి పాఠం చెప్పాలన్న మీ కోరికకు వంక పెట్టను. ఈ రెంటినీ మీరూ ఒకే మూట కట్టారు, ఇంట్లోవాళ్ళూ అదే మూట పట్టుకుని లాగుతున్నారు.

పారిపోవడం గురించి అడిగారు. పారిపోవాలనే ఉంది మీకు, కొంత. ఉండదా మరి! రెండేళ్ళు పుస్తకాల మీద పడి చదివిన పరీక్ష పోయింది, ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి, పేపర్లు దిద్దుతూ కూర్చున్నారు. ఊరు మారితే ఊపిరాడుతుందనిపించడంలో సిగ్గుపడాల్సిందేముంది? ఇంట్లో పోట్లాడి మిలిటరీలో చేరినవాళ్ళు మంచి సిపాయిలవలేదా? కాకపోతే ఒక తేడా ఉంటుంది. ఇక్కడి బాధ తీరడానికే అయితే ఏ ఊరైనా ఒకటే. అక్కడికి వెళ్ళి పనికిరావాలనే అయితే ఏ పని, ఎవరి పక్కన, ఎన్నాళ్ళు అన్న ప్రశ్నలు వస్తాయి. మీ నాలుగు పేజీల్లో మీ డబ్బు లెక్క ఉంది, సెలవుల లెక్క ఉంది. ఆ పిల్లలకు ఇప్పుడు ఇంగ్లీషు ఎవరు చెబుతున్నారో, మీరు వచ్చేశాక ఎవరు చెబుతారో మాత్రం లేదు. మీరు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

మరి మీ ముందున్న దారులేమిటి?

ఒకటి, ఇదే ఏజెన్సీతో ఇప్పుడే వెళ్ళడం. వెళ్తే ఏమవుతుందో కూడా చెబుతాను. బహుశా ప్రమాదమేమీ జరగదు. ఏడు వారాలు పాటలు, ఆటలు, ఏబీసీడీలు. ముందు వచ్చినవాళ్ళూ ఏబీసీడీలే చెప్పి ఉంటారు. తిరిగొచ్చాక ఒక మంచి ఆల్బమ్ మిగులుతుంది. చీటీ డబ్బు పోతుంది, దాని వాయిదాలు మాత్రం ఇంకా కడుతూనే ఉంటారు. వీసా సంగతి వేరే ఉంది. టూరిస్టు వీసా మొదట ఒక నెలకిస్తారు, ఒక్కసారి మరో నెల పొడిగిస్తారు. ఏడు వారాలు అందులో ఇమిడిపోతాయి కాబట్టే చాలన్నారు. కానీ టూరిస్టు వీసా మీద బడిలో పనిచేయడం, జీతం లేకపోయినా, నిబంధనలకు విరుద్ధం. పని చేయడానికి వెళ్ళేవాళ్ళు తీసుకోవాల్సింది ఈ-క్లాస్ అనే మామూలు వీసా, దాని మీద వర్క్ పర్మిట్. ఏదైనా తేడా వస్తే ఆ ఏజెన్సీ చేతులు దులుపుకుంటుంది, పాస్‌పోర్ట్ మీద ముద్ర మీకు పడుతుంది.

రెండోది, ఈ వేసవికే, ఆశ్రమం కాకుండా మామూలు బడికి వెళ్ళడం. పిల్లలు సాయంత్రం ఇళ్ళకు వెళ్ళే బడి అయ్యుండాలి. అక్కడి టీచరు తరగతిలో ఉండాలి, మీరు పక్కన ఉండాలి. కంబోడియా ప్రభుత్వ బడుల్లో గదులూ టీచర్లూ చాలక చాలాచోట్ల పిల్లలు రెండు షిఫ్టుల్లో వస్తారు, సగం మంది పొద్దున, సగం మంది మధ్యాహ్నం. మిగతా సగం రోజు కోసం ఊళ్ళలో నడిచే చిన్న చిన్న ఇంగ్లీషు బడులు ఉన్నాయి. అలాంటిచోట ఒక స్థానిక ఇంగ్లీషు టీచరుకు మీరు ఏడు వారాలు తోడుంటే, మీరు వచ్చేశాక కూడా ఆ తరగతి నడుస్తుంది. అయితే ఇంత తక్కువ వ్యవధిలో నమ్మకమైన చోటు దొరకడం కష్టం. పైగా ఏప్రిల్ మధ్యలో వాళ్ళ కొత్త సంవత్సరం, బడులు మూతపడతాయి. మీ సెలవులకు వాళ్ళ బడి రోజులు సరిపోతాయో లేదో తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మూడోది ఏడాది ఆగడం. మీ వయసుకూ అనుభవానికీ ఇది బాగా నప్పుతుందనిపిస్తోంది. వీఎస్ఓ అని బ్రిటన్‌లో 1958లో పుట్టిన సంస్థ ఉంది. వాళ్ళు వాలంటీరు దగ్గర లక్షలు వసూలు చేయరు. ప్రయాణం, బస, ఇన్సూరెన్సు చూసుకుని, అక్కడ బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. బదులుగా అనుభవం అడుగుతారు, నెలల తరబడి ఉండమంటారు, ఇంటర్వ్యూలో మన తాట తీస్తారు. ఐక్యరాజ్యసమితికి కూడా వాలంటీర్ల విభాగం ఉంది. అందులో పేరు నమోదు చేసుకోవడం ఉచితమే. తరగతి గదిలో చెప్పే టీచరు పోస్టులు తక్కువగానే పడతాయి, అవీ కోరిన దేశంలో రావు. దేశం ఏదైనా ఫరవాలేదా, కంబోడియాయే కావాలా అన్నది అప్పుడు మీకు ఎదురయ్యే ప్రశ్న. ఆ ఫొటో కంబోడియాది కాకుండా ఘానాదో నేపాల్‌దో అయితే అక్కడికే వెళ్ళాలనిపించేదా? ఊరికే అడుగుతున్నాను, నాకు జవాబు రాయక్కర్లేదు. ఈ దారిలో చిక్కు ఏమిటంటే, దీర్ఘకాలం వెళ్తే ఇక్కడి ఉద్యోగం మానాలి. వచ్చాక ఇంకో బడి వెతుక్కోవాలి, మళ్ళీ డీఎస్సీ పడితే ఆ సమయానికి మీరు ఇక్కడ లేకపోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగం మీద ఇంకా ఆశ ఉంటే ఇది చిన్న విషయం కాదు.

నాలుగోది, వెళ్ళకుండా మొదలుపెట్టడం. అక్కడి టైము మనకంటే గంటన్నర ముందుంటుంది. మీరు ఆరింటికి ఫోన్ ముందు కూర్చుంటే అక్కడి టీచరుకు ఏడున్నర. వారానికి రెండు సాయంత్రాలు ఒక కంబోడియా టీచరుతో ఇంగ్లీషులో మాట్లాడి, తర్వాతి పాఠం ఎలా చెప్పాలో ఇద్దరూ కలిసి తయారుచేసుకోండి. ఖర్చు లేదు, వీసా లేదు, ఫొటో కూడా లేదు. ఆరు నెలలు విసుగు లేకుండా చేయగలిగితే మీకు ఆ పని ఇష్టమో, ఆ ప్రయాణం ఇష్టమో తెలిసిపోతుంది. ఇదే సమయంలో మన దగ్గర టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ లాంటివి కూడా చూడొచ్చు. రెండేళ్ళు, హైదరాబాద్‌లోనూ ఉంది, నెలనెలా ఎంతో కొంత ఇస్తారు. విదేశం మోజులో ఇది చప్పగా అనిపిస్తుందని తెలుసు.

మూడు, నాలుగు కలిపి నడవొచ్చు. ఎంచుకోవాల్సింది మీరే.

ఏ దారిలో వెళ్ళినా తయారీ ఉంటుంది, అది ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ముందు భాష. వాళ్ళది ఖ్మేర్. ఆ లిపి చూస్తే కొండచిలువ చుట్టల్లా ఉంటుంది గానీ, అది పల్లవుల లిపి నుంచి వచ్చింది, మనకు దూరపు చుట్టమే. టీచరును వాళ్ళు క్రూ అంటారు, మన గురువే. ఆడ టీచరైతే నెయక్ క్రూ. బడి సాలా, మన శాల. అక్షరం అక్సర్. అంకెలు తమాషాగా ఉంటాయి: ఐదు ప్రామ్, ఒకటి మోయ్. ఆరు కావాలంటే ప్రామ్ మోయ్, అంటే ఐదూ ఒకటీ. రెండు నెలలు రోజూ అరగంట కూర్చుంటే పలకరింపులు, అంకెలు, "కూర్చో", "మళ్ళీ చెప్పు" వచ్చేస్తాయి. టీచరుకు అక్కడితో చాలా పని నడుస్తుంది.

మీ ఐదేళ్ళ అనుభవం అక్కడ కొంత తలకిందులవుతుంది, ఇది నాకు భలే సరదాగా ఉంది. మన పిల్లలు ఇంగ్లీషు మాట చివర అచ్చు అంటిస్తారు, బస్సు, కప్పు, రైసు. మీరు ఐదేళ్ళుగా ఆ ఉకారాన్ని కోస్తూనే ఉండి ఉంటారు. ఖ్మేర్ పిల్లలు మాట చివరి శబ్దాన్ని మింగేస్తారు. వాళ్ళ నోట రైస్ చివర 'స్' వినబడదు. మీరు అక్కడ కోయకూడదు, అతికించాలి. ఇలాంటివి పదో పదిహేనో ముందే తెలుసుకుని వెళ్ళే టీచరుకూ, ఏబీసీడీ పాట నేర్చుకుని వెళ్ళే టూరిస్టుకూ పోలికే ఉండదు.

ఇంకో చిన్న విషయం. బాగా చదివిన పిల్ల తలమీద చెయ్యి వేసి "గుడ్" అంటాం కదా, మన చెయ్యి అలవాటుగా అక్కడికే పోతుంది. అక్కడ తల పవిత్రం, తాకకూడదు. చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంటారు, అది మనకు నేర్పక్కర్లేదు. ఇక స్కేలు. మీరు వాడతారో లేదో రాయలేదు, నేనూ అడగను. వాడితే మాత్రం అలవాటు ఇక్కడే మానుకుని వెళ్ళండి.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవా సైట్లో పెట్టుకోండి, ఫీజు 500 రూపాయలు. వాళ్ళు అడిగినా అడగకపోయినా తీసుకుని దగ్గర పెట్టుకోండి. టీకాల గురించి బయల్దేరడానికి నెలన్నర ముందు డాక్టరును కలవండి. హెపటైటిస్ ఏ, టైఫాయిడ్, కుక్కకాటుకు ముందస్తు టీకా, ఈ మూడూ తప్పకుండా అడగండి. ఇన్సూరెన్సులో, జబ్బు ముదిరితే వేరే దేశపు ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా ఉండాలి, అక్కడినుంచి పెద్ద కేసులను బ్యాంకాక్ తీసుకెళ్తుంటారు. 2025 జులైలో థాయ్‌లాండ్ సరిహద్దు దగ్గర యుద్ధంలాగే జరిగింది కాబట్టి టికెట్టు కొనేముందు మన ఎంబసీ సూచనలు చూడండి. వాయవ్యపు జిల్లాల పొలాల్లో పాత మందుపాతరలు ఇంకా దొరుకుతున్నాయి. దారి వదిలి నడవకపోతే చాలు.

ఇప్పుడు అమ్మగారు. ఆవిడ చేసింది మీకు చాదస్తంగా కనబడుతోంది. నాకలా కనబడటం లేదు. ఆవిడకు తెలిసిన కంబోడియా అదొక్కటే, అదీ అబద్ధం కాదు. తీసుకెళ్ళినవాళ్ళు అక్కడ దిగగానే ముందు లాక్కున్నది పాస్‌పోర్టులే. ఆవిడ కూడా పాస్‌పోర్టే దాచారు చూడండి, సరిగ్గా ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకున్నారు. ఆవిడతో వాదించకుండా ఒక సాయంత్రం పక్కన కూర్చుని కాగితం మీద రాసి చూపించండి: వెళ్ళే బడి పేరు, ఊరు, ఉండే ఇంటి చిరునామా, అక్కడి హెడ్మాస్టరు ఫోన్ నంబరు, నామ్‌పెన్‌లో మన ఎంబసీ నంబరు, కష్టమొస్తే ఫిర్యాదు చేయడానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వనని చెప్పండి. కాగితంలో ఏ గడి ఖాళీగా మిగిలిందో చూడండి. ఇప్పటి ఏజెన్సీతో అయితే సగం ఖాళీగానే ఉంటాయి, అప్పుడు అమ్మ భయానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. అన్నీ నిండే రోజు వస్తే ఆవిడ మారతారని మాటివ్వలేను. మెత్తబడతారు. నాన్నగారిని "మీ అమ్మనడుగు" అననివ్వకండి. ఆ కాగితం ముందు ఆయన్నీ కూర్చోబెట్టండి. ఇన్నేళ్ళు ఆర్టీసీలో చేసిన మనిషికి దారులూ టైములూ చూడటం కొత్త కాదు.

సంబంధం విషయం తొందరగా తేల్చేస్తాను. పిన్నిగారి మాట వినకండి. ట్రైనింగ్ అని అబద్ధం చెప్పి వెళ్తే, ఫేస్‌బుక్‌లో ఒక్క ఫొటో చాలు బయటపడటానికి, ఆ తర్వాత జీవితమంతా సంజాయిషీ చెప్పుకోవాలి. ఇప్పుడే మీ నోటితో ఆ అబ్బాయికే చెప్పండి, పెద్దవాళ్ళ ద్వారా వద్దు. ఏడు వారాలో, ఏడాదో, నాకిలా వెళ్ళాలనుంది, ఇంకా నిర్ణయం కాలేదు అని. అతను వద్దంటే సంబంధం పోవచ్చు, ఆ బాధ ఉంటుంది, ఇంట్లో కొన్నాళ్ళు గొడవ ఉంటుంది. సరే అంటే మీకొక మనిషి ఎలాంటివాడో పెళ్ళికి ముందే తెలిసింది. ఆలోచించుకుని చెబుతానంటే, ఆ ఆలోచనకు గడువు శ్రావణం దాకా పెట్టకండి.

నెలాఖరు అడ్వాన్సు గురించి. చీటీ ఇప్పుడే పాడకండి. ఈ శనివారం కూర్చుని ఆ ఏజెన్సీకి ఒక ఉత్తరం రాయండి. మీరు ఇంగ్లీషు టీచరు, ఎలా రాయాలో నేను చెప్పక్కర్లేదు, ఏం రాయాలో చెబుతాను. ఆశ్రమానికి అక్కడి ప్రభుత్వ అనుమతి ఉందా, ఉంటే దాని కాపీ ఏది? పిల్లల్లో ఎంతమందికి తల్లిదండ్రులున్నారు, వాళ్ళు ఇంటికి ఎప్పుడెప్పుడు వెళ్తారు? నా లక్షా నలభై వేలలో ఆశ్రమానికి చేరేది ఎంత? నా తరగతి ఇప్పుడు ఎవరు చెబుతున్నారు, ఆ టీచరుతో నేను ఒకసారి మాట్లాడొచ్చా? నా పోలీసు సర్టిఫికెట్ మీరెందుకు అడగలేదు?

జవాబు రావచ్చు, రాకపోవచ్చు. "డోంట్ వర్రీ, ఎవ్రీథింగ్ విల్ బీ టేకెన్ కేర్" అని ఒక్క ముక్క వస్తే అది కూడా జవాబే. ఏం వచ్చిందో నాకూ రాయండి. అప్పటిదాకా టీషర్టు సైజు చెప్పకండి.